వెలలేని నాదము – ఉచితమైన శ్రవణము

శ్రీమన్నారాయణునకు చేయు ఉపచారములలో గీతమునకును, వాద్యమునకును స్థానమున్నది. పుష్పము, దీపము, నైవేద్యము ఒక్కొక్క ఇంద్రియమును భగవంతుని వైపు త్రిప్పునట్లే, నాదము చెవిని ఆయన వైపు త్రిప్పును. పుష్పము సాయంకాలమునకు వాడిపోవును. నైవేద్యము ప్రసాదమై, పంచువాని చేతిమీదుగా మనకు అందును. నాదము మాత్రము సమర్పించిన క్షణముననే ప్రసాదమై విన్నవారందరకును ఒక్కమారుగా అందును. దానిని పంచుటకు వేరొక చేయి అక్కరలేదు. ఆలయమున నాదస్వరము విన్నవానిని రుసుము ఇమ్మని అడుగువారు లేరు.

ధనుర్మాసము వచ్చినదనగా వైష్ణవ గృహములలో తెల్లవారుజాముననే తిరుప్పావై వినవచ్చును. తిరుమలలో ఈ మాసమునందు సుప్రభాతమునకు బదులుగా తిరుప్పావైనే పఠింతురు. ఇదే కాలమున చెన్నై నగరమునందు సంగీతసభలు కళకళలాడుచుండును. 1927లో మద్రాసులో కాంగ్రెసు మహాసభతోపాటు జరిగిన సంగీత సదస్సు ఫలితముగా 1928లో అచ్చట మ్యూజిక్ అకాడమీ వెలసినది. ఏటేట డిసెంబరు నెలలో జరుగు సంగీతోత్సవములు దాని వెనుకనే పెంపొందినవి. ఈ ఉత్సవములలో సాయంకాలపు కచేరీలు పేరొందిన విద్వాంసులవి. వానికి టిక్కెట్టు కొనవలెను. మధ్యాహ్న భోజనవేళ జరుగు కచేరీలు పలు సభలలో యువకళాకారులకు కేటాయింపబడును. వానిలో చాలవాటికి ప్రవేశ రుసుము ఉండదు. ఆవరణలో అరటియాకులు పరచి భోజనము వడ్డించుచుండగా, లోపల వేదికపై ఇరువది యేండ్లయినను నిండని అన్నాచెల్లెళ్ళో, అక్కచెల్లెళ్ళో రెండు వాయులీనములను శ్రుతి చేసికొనుచుందురు. అట్టి కచేరీని మనము ఏ భావముతో వినవలెనో విచారించుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

ఉచితము అను మాటకు నేడు ‘డబ్బు ఈయకుండ లభించునది’ అను అర్థమునే మనము ఎక్కువగా వాడుచున్నాము. సంస్కృతమున ఆ శబ్దమునకు తగినది, యుక్తమైనది అని అర్థము. ఔచిత్యము అను మాట దానినుండి పుట్టినదే. వెలలేనిది అను మాటకును రెండు ముఖములున్నవి. వెల అడుగనిది ఒకటి, వెల కట్టరానిది మరియొకటి. ఉచిత సంగీతమును గూర్చి తలచునపుడు ఈ అర్థములను విడదీయరాదు. డబ్బు లేకుండ లభించినదానిని తగినరీతిగా స్వీకరించుట యెట్లు? ఇదియే ఇచ్చట ప్రశ్న.

యజ్ఞవిరామమున బాలగాయకులు

చిన్నవయసు తోబుట్టువులు మహాసభలో ప్రతిఫలము కోరక సంగీతము వినిపించిన వృత్తాంతము శ్రీమద్రామాయణమునందే కలదు. ఉత్తరకాండమున శ్రీరామచంద్రుడు నైమిశారణ్యమునందు అశ్వమేధము చేయుచుండగా, వాల్మీకి మహర్షి శిష్యసమేతుడై అచ్చటికి వచ్చెను. ఆయన కుశలవులను పిలిచి రామాయణ గానము చేయుడని ఆజ్ఞాపించెను. ఆ ఆజ్ఞలోని వివరములు నేటి విద్యార్థులకును వర్తించును. దినమునకు ఇరువది సర్గలు మాత్రమే పాడవలెను. మధురములైన ఫలమూలములను ఆరగించుచు పాడినచో శ్రమ కలుగదు, రాగము చెడదు. తంత్రీవాద్యమును చక్కగా మేళవించుకొనవలెను. అన్నిటికిని మించి, ధనమునందు లోభము కూడదు. ఆశ్రమమున ఫలమూలములు భుజించువారికి ధనముతో పనియేమి?

శ్రీరాముడు ఆ గానమును వినుటకు సభ చేర్చినది యజ్ఞకర్మల నడుమ లభించిన విరామ సమయమునందు. మునులు, రాజులు, పండితులు, సంగీత లక్షణము నెరిగినవారు, పురజనులు వచ్చి కూర్చుండిరి. గానము విని ముగ్ధుడైన ప్రభువు బాలురకు 18,000 సువర్ణములు ఇమ్మని సోదరుని ఆదేశించెను. బాలురు గ్రహింపలేదు. అడవిలో నుండువారికి బంగారముతో ఏమి ప్రయోజనమని వారు విస్మయపడిరి.

అంతమాత్రమున వారు ఎన్నడును ఏమియు పుచ్చుకొనలేదని అనుకొనరాదు. బాలకాండము నాలుగవ సర్గలో ఆ బాలురే మునుల గోష్ఠియందు పాడిరి. విని సంతసించిన ముని యొకడు వారికి కలశము నిచ్చెను. వేరొకడు నారచీర నిచ్చెను. ఈ కానుకలను వారు కాదనలేదు. రాజు ఇచ్చిన బంగారము వలదన్న బాలురు ముని ఇచ్చిన కలశమును ఏల గైకొనిరి? బంగారము పాటకు వెల కట్టునది. కలశమో, పాడినవాడు దప్పి తీర్చుకొని మరునాడు మరల పాడుటకు తోడ్పడునది. మొదటిది విద్యను కొనును, రెండవది విద్యావంతుని కాపాడును. ఈ భేదమును మనస్సునందు నిలుపుకొని ముందునకు సాగుదము.

శ్రీవైష్ణవ సంప్రదాయమున నాథమునుల చరిత్రయందును ఇట్టి జంట యొకటి కానవచ్చును. మరుగుపడిన నాలాయిర దివ్యప్రబంధమును మరల లోకమునకు అందించిన ఆ మహనీయుడు, దానిని గానరూపమున నిలుపుటకై తన మేనల్లుళ్ళగు కీళైయగత్తాళ్వాన్, మేలైయగత్తాళ్వాన్ అను వారికి నేర్పెనని గురుపరంపర చెప్పుచున్నది. శ్రీరంగము, శ్రీవిల్లిపుత్తూరు, ఆళ్వార్ తిరునగరి క్షేత్రములలో నేటికిని జరుగు అరైయర్ సేవకు మూలము ఆ ఉపదేశమే. ఒక యింటిలోని ఇరువురు పిల్లలకు శ్రద్ధగా నేర్పిన పాట వేయి సంవత్సరముల తరువాతను పెరుమాళ్ళ సన్నిధిని వినవచ్చుచున్నది.

తోబుట్టువుల చేతిమీదుగా వచ్చిన వాద్యము

నేడు కర్ణాటక సంగీత కచేరీ వాయులీనము లేక సాగుట అరుదు. కాని రెండువందల ఏండ్లకు పూర్వము ఈ వాద్యము మనది కాదు. ఇది మన సంగీతములోనికి వచ్చిన కథ అన్నదమ్ముల కథయే. ముత్తుస్వామి దీక్షితుల (1775–1835) కుటుంబము చెన్నపట్నమునకు చేరువనున్న మణలిలో ముదలియార్ల ఆదరణమున నివసించిన కాలమున, ఆయన తమ్ముడగు బాలుస్వామి దీక్షితులు (1786–1859) ఒక ఐరోపా వాద్యకారుని యొద్ద ఫిడేలు అభ్యసించెను. అన్న ఆ పాశ్చాత్యపు వరుసలు కొన్నింటికి సంస్కృత సాహిత్యము కూర్చెను. అవియే నొట్టుస్వర సాహిత్యములు. తమ్ముడు ఆ పరదేశపు తంత్రులపై మన రాగములను పలికించెను. ఒకడు బయటి పాటను మన భాషలోనికి తెచ్చెను, మరియొకడు బయటి వాద్యమును మన పాటలోనికి తెచ్చెను.

వారి తరువాత ముత్తుస్వామి దీక్షితుల శిష్యులైన తంజావూరు సోదర చతుష్టయము – చిన్నయ్య, పొన్నయ్య, శివానందము, వడివేలు – ప్రసిద్ధికి వచ్చిరి. వీరిలో కడపటివాడైన వడివేలు వాయులీన విద్వాంసుడు. తిరువనంతపురమున స్వాతి తిరునాళ్ మహారాజు అతనికి 1834లో దంతముతో చేసిన వాయులీనమును బహూకరించెను.

ఆంధ్రులకు ఈ వాద్యము పేరు చెప్పగనే స్ఫురించువారు ద్వారం వెంకటస్వామి నాయుడుగారు (1893–1964). ఆయనకు తొలి గురువు స్వయముగా అన్నగారైన వెంకటకృష్ణయ్యగారు. చూపు మందగించిన తమ్మునికి అన్న చూపిన నాదమార్గమే జీవనమార్గమైనది. నాయుడుగారు 1919లో విజయనగరము సంగీత కళాశాలలో వాయులీన ఆచార్యులైరి. ఆదిభట్ల నారాయణదాసుగారి తరువాత 1936లో ఆ కళాశాలకు అధ్యక్షులైరి. గాత్రమునకు ప్రక్కవాద్యముగా మాత్రమే ఎంచబడుచున్న వాయులీనమునకు ప్రధాన వాద్యముగా కచేరీ చేయగల యోగ్యత కలదని నిరూపించిన వారిలో ఆయన అగ్రగణ్యులు. 1941లో మ్యూజిక్ అకాడమీ ఆయనను సంగీత కళానిధి బిరుదముతో సత్కరించినది. వాయులీనము ప్రధాన వాద్యమైన పిదపనే రెండు వాయులీనముల జంట కచేరీకి దారి విశాలమైనది. గణేశ్, కుమరేశ్ సోదరులు, లాల్గుడి జయరామన్ గారి సంతానమగు కృష్ణన్, విజయలక్ష్మి మున్నగువారు ఆ మార్గమున పేరు గడించిరి. మధ్యాహ్నపు వేదికపై కూర్చున్న పిల్లలు ఈ పరంపర కొనయందు కూర్చున్నవారు.

రెండు కమానులు, ఒక్క ఊపిరి

ఐరోపావారు గడ్డము క్రింద అదిమి నిలువబడి వాయించు ఈ వాద్యమును, మనవారు మఠము వేసికొని కూర్చుండి, ఒక కొనను ఎడమ భుజమునకును రొమ్మునకును ఆనించి, రెండవ కొనను కుడికాలి చీలమండపై నిలిపి వాయింతురు. రెండు వైపుల ఆధారము కలుగుటచే ఎడమచేయి బరువు మోయు పనినుండి విముక్తమై, తంత్రిపై పైకిని క్రిందికిని స్వేచ్ఛగా జారగలదు. గమకములకు ప్రాణము ఆ జారుటయే. నాలుగు తంత్రులను షడ్జ పంచమములుగా, మరల పై షడ్జ పంచమములుగా శ్రుతి చేయుదురు. వీణకు వలె దీనికి మెట్లు లేవు. స్వరస్థానమును వ్రేలు తానే వెదకి పట్టుకొనవలెను.

ఒక వాయులీనమునకే ఇంత కష్టమున్నది. రెండు కలిసినపుడు చిన్న తేడాయు దాగదు. ఒకే స్వరమును ఇరువురును పట్టినపుడు ఒకరి వ్రేలు కొంచెము అటునిటు అయినను, నాదము అలలవలె వణకును. తెలియనివానికిని చెవి చివుక్కుమనును. ఇరువురి వ్రేళ్ళు ఒక్క చోట, ఇరువురి కమానులు ఒక్క దిక్కునకు, ఒక్క వేగముతో నడచినపుడే రెండు వాద్యములు ఒక్కటియై వినబడును. ఒకరు క్రింది స్థాయిలో, వేరొకరు పై స్థాయిలో అదే సంగతిని పలికించునపుడు ఆ ఐక్యము మరింత స్పష్టమగును.

తోబుట్టువులకు ఈ పనియందు ఒక అనుకూలతయు, ఒక పరీక్షయు కలవు. ఒకే యింట ఒకే గురువు చెప్పిన పాఠమును ఒకే గదిలో సాధన చేసినవారగుటచే, ఒకరి మనోధర్మము ఎటు పోవుచున్నదో రెండవవారికి ముందే తెలియును. ఇది అనుకూలత. పరీక్ష యేమనగా, స్వరకల్పన వంతులవారీగా సాగునపుడు అన్నను చెల్లెలు మించిపోగలదు. చప్పట్లు ఆమెకే దక్కవచ్చును. లేదా అన్న తన ఆవర్తనములను పెంచి చెల్లెలి వంతును మ్రింగివేయవచ్చును. మంచి జంట ఈ రెండును చేయదు. ఒకరు విడిచిన స్వరమునుండియే రెండవవారు అందుకొందురు. ఒకరు వాయించునపుడు రెండవవారు కమానును ఒడిలో నుంచుకొని నిజముగా విందురు. శ్రీరాముని వెంట నడచిన లక్ష్మణునియందు మన పెద్దలు శేషత్వమును చూచిరి. తనది అనునదానిని మరియొకరి శోభకై వినియోగించుట శేషత్వము. ఆ పాఠమును వేదికపై, మాటలు లేకుండ, ఈ పిల్లలు మనకు చదివి వినిపింతురు.

మాట వినబడని సాహిత్యము

వాయులీన కచేరీలో సాహిత్యము చెవికి వినబడదు. అయినను అది అచ్చట లేదని అనరాదు. త్యాగరాజస్వామి కృతిని వాయించువారు లోలోపల ఆ మాటలను పాడుకొనుచునే వాయింపవలెనని గురువులు చెప్పుదురు. సాహిత్యమున మాట తెగని చోట కమాను తెగరాదు. పేరులోని మొదటి అక్షరములు ఒక కమానునకు, కడపటి అక్షరము మరియొక కమానునకు పడినచో, స్వరము సరిగానే ఉన్నను స్వామి నామము రెండు ముక్కలగును.

ఇచ్చట తెలుగువారి బాధ్యత యొకటి కలదు. చెన్నై వేదికపై వాయించు పిల్లలలో అనేకులకు తెలుగు మాతృభాష కాదు. వారు కృతికి అర్థమును పదము పదముగా అడిగి తెలిసికొని, మాట ఎచ్చట ముగియునో గుర్తు పెట్టుకొని సాధన చేయుదురు. అట్టి కృతిని వినునపుడు తెలుగు శ్రోతకు మాటలు తమంతట తామే మనస్సునకు రావలెను. అట్లు రానిచో, మన భాషను వారు శ్రమపడి కాపాడుచుండగా మనము చేతులు ముడుచుకొని కూర్చున్నట్లే. కచేరీకి పోవుటకు ముందు నాలుగు కృతుల సాహిత్యమైనను ఇంట చదువుకొని పోవుట మన వంతు పని.

ఎవరికి ఉచితము?

ఉచిత కచేరీ వినువానికి మాత్రమే ఉచితము. వాయించువారి యింట దానికి వెల ఎన్నడో చెల్లింపబడినది. అయిదారేండ్ల వయస్సున మొదలిడిన సాధన, పాఠశాలకు ముందు తెల్లవారుజాము, పాఠశాల తరువాత సాయంకాలము, తండ్రి కొనిపెట్టిన వాద్యము, తల్లి మానుకొన్న పండుగ ప్రయాణములు, తెగిన తంత్రులు, వ్రేళ్ళ కొనలయందు కాచిన కాయలు – ఇవన్నియు ఆ గంటన్నర కచేరీ వెనుక నున్నవి. ఒకే యింట ఇరువురు పిల్లలు నేర్చుకొనునపుడు ఈ వ్యయము రెండింతలు. చదువుల ఒత్తిడి పెరిగిన యింట, ఇరువురిలో ఒకరిని సంగీతము మాన్పించుట సాధారణమైనది. మానినవారి వాద్యము పెట్టెలో మూతబడును. మిగిలినవారు ఒంటరిగా సాధన చేయుదురు. జంట నిలిచి వేదిక నెక్కినదనగా, ఆ యింటివారు ఎన్నియో మార్లు సులభమైన దారిని కాదని వచ్చినారని గ్రహింపవలెను.

త్యాగరాజస్వామి విద్యను అమ్ముకొనలేదు, ఉంఛవృత్తితో జీవించెను. ఈ మాటను మనము గర్వముతో చెప్పుకొందుము. కాని ఆయన భజన చేయుచు వీధిలో నడచునపుడు గుప్పెడు బియ్యము తెచ్చి పోసిన తిరువయ్యారు గృహిణులను మాత్రము మరచుచుందుము. వారు పాటకు వెల ఈయలేదు. పాడువాని యింటి పొయ్యిని వెలిగించిరి. కుశలవులకు ముని ఇచ్చిన కలశము వంటిదే ఆ బియ్యము. విద్యావంతుడు వెల అడుగకుండుట ఎంత ధర్మమో, విన్న సమాజము అతనిని ఆకలికి విడువకుండుట అంత ధర్మము. మొదటి ధర్మమును మాత్రమే పొగడుచు రెండవదానిని విడిచినచో, ఉచితము అనునది ఔచిత్యమును కోల్పోవును. కావున ఉచిత కచేరీ విన్న గృహస్థుడు తన శక్తికొలది సభకు విరాళమిచ్చుటయో, పేద విద్యార్థికి తంత్రులు కొనిపెట్టుటయో, ఇంటి శుభకార్యమునకు యువవిద్వాంసులను పిలిచి తాంబూలముతో తగిన సంభావన ఇచ్చుటయో చేయదగును.

శ్రోత చేయదగిన కైంకర్యము

ధనమీయలేనివారికిని ఒక కైంకర్యము మిగిలియున్నది, అది శ్రవణము. నవవిధ భక్తులలో మొదటిది అదియే. మధ్యాహ్నపు ఉచిత కచేరీలో దానికి విఘ్నములు మెండు. ఎండకు వెరచి చల్లని సభలోనికి వచ్చి కునుకు తీయువారుందురు. భోజనము పిలుపు వినగనే రాగాలాపన నడుమ లేచిపోవువారుందురు. మృదంగ విద్వాంసుడు తనియావర్తనము మొదలిడగనే ద్వారము వైపు నడచువారుందురు. కొందరు సెల్‌ఫోనులో చిత్రము తీయుటయందు మునిగి, చిత్రించుచున్న దానిని వినుట మరతురు. టిక్కెట్టు కొన్నచోట ఇట్లు చేయుటకు మనస్సు ఒప్పుకొనదు. పైకము వ్యర్థమగునను జంకు ఉండును. ఆ జంకు లేనిచోట మన మర్యాద యెంతటిదో బయటపడును. ప్రసాదమునకు వెల లేదని దానిని నేల జారవిడుచువాడు లేడు గదా!

సంగీత శాస్త్రము తెలియదని ఎవరును వెనుదీయనక్కరలేదు. మొదట తంబూరా శ్రుతిని చెవిని నిలుపుకొనవలెను. తరువాత తాళమును తొడపై, ప్రక్కవారికి వినబడకుండ, అనుసరింపవలెను. కృతి తెలిసినచో సాహిత్యమును, తెలియనిచో తన ఇష్టదైవము నామమును మనస్సున నిలుపవలెను. మధ్యాహ్న రాగములని పెద్దలు చెప్పిన మధ్యమావతి, శ్రీరాగము వంటివి వినబడినచో ఆ వేళకును ఆ రాగమునకును గల పొందికను గమనింపవచ్చును. మధ్యలో లేవవలసి వచ్చినచో ఒక కృతి ముగిసి మరియొకటి మొదలగు సందున లేవవలెను. కచేరీ ముగిసిన పిదప ఆ పిల్లల యొద్దకు పోయి, ఏది నచ్చినదో ఒక్క మాటలో చెప్పినచో, అది వారికి ముని ఇచ్చిన నారచీరతో సమానము.

చిన్నపిల్లలున్న గృహస్థులకు ఇంకొక మాట. పిల్లలకు సంగీతము నేర్పించువారు తొలి వేదికను గూర్చి తొందరపడుచుందురు. ప్రతి యింటను ఒక వేదిక మునుపే కలదు, అది పూజామందిరము. మధ్యాహ్న నైవేద్యవేళ, సెలవు దినమునందైనను, నేర్చిన ఒక్క గీతమును అన్నాచెల్లెళ్ళు కలసి పెరుమాళ్ళకు వినిపింపవలెను. అచ్చట చప్పట్లు లేవు, పోటీ లేదు, బహుమానము లేదు. తప్పు వచ్చినను నవ్వువారు లేరు. అట్టి మధ్యాహ్నములు నూరు గడచిన తరువాత పెద్ద సభలో కుర్చీలు సగము ఖాళీగా ఉన్నను ఆ పిల్లల కమాను వణకదు. వినవలసినవాడు వినుచున్నాడని వారికి తెలియును.

తిరుప్పావై ఇరువది తొమ్మిదవ పాశురమున ఆండాళ్ తల్లి ఈ భావమునకు శిఖరమును చూపినది. నెలయంతయు పఱ అను వాద్యమును అడుగుచు వచ్చిన గోపికలు, స్వామి దానిని ఈయబోవు వేళ, మేము వచ్చినది దీనిని పుచ్చుకొనిపోవుటకు కాదు, జన్మజన్మలకును నీతో బంధుత్వము, నీకు కైంకర్యము మాకు కావలెనని విన్నవించుకొనిరి. వాద్యము ఒక నెపము, సేవయే గమ్యము. వేదికపై వాయించు తోబుట్టువులకును, క్రింద కూర్చుండి వినువారికిని గమ్యము అదియే. రానున్న ధనుర్మాసమున ఎచ్చటనైనను ఉచిత కచేరీ జరుగుచున్నదని విన్నపుడు, భోజనమును ఒక గంట ముందుగానో వెనుకగానో పెట్టుకొని, పిల్లలను వెంటబెట్టుకొని పోయి ముందు వరుసలో కూర్చుండుడు. ఆ గంటసేపు నిశ్చలముగా విన్నచో, మనము డబ్బు ఈయక పుచ్చుకొన్నది ఉచితముగానే పుచ్చుకొన్నట్లగును.